ఇంటి లెక్కలు: తిరుగు టిక్కెట్టు

డిపాజిట్ల మీద వచ్చిన ఉత్తరాలకు విడివిడిగా జవాబులు రాశాను. ఈసారి వడ్డీల జోలికి పోను. రాయగడ నుంచి ఒక సోదరి రాశారు: భర్తకు వచ్చే నెలలో దూరాన గుండె ఆపరేషన్‌ట, రానూ పోనూ రైలు టిక్కెట్లు ఇప్పుడే కొనేయడం మంచిదా అని. బ్యాంకు మనిషిని గనక ఔననే అంటాననుకుని ఉంటారు. 2024 జనవరికి ముందు అయితే ఔననే అనేవాణ్ణి.

మన బరంపురం, పర్లాకిమిడి వైపు వాళ్లకు పెద్ద ఆపరేషన్ అంటే మొదట విశాఖపట్నం, అక్కడ కాదంటే రాయవేలూరు గుర్తొస్తాయి. 1900లో ఐడా స్కడ్డర్ దొరసాని ఒక్క పడకతో మొదలుపెట్టిన వైద్యాలయం ఉన్న ఊరు అది. వీధుల్లో అరవం ఎంత వినిపిస్తుందో బెంగాలీ, ఒడియా అంత వినిపిస్తాయి. లాడ్జీల్లో గదితో పాటు వంట పొయ్యి కూడా అద్దెకిస్తారు. మా అన్నయ్యకు బైపాస్ అక్కడే జరిగింది. ఆయన రిటైరైన బడిపంతులు, అప్పటికి అరవై నాలుగేళ్లు. వెంట వదినా, నేనూ వెళ్లాం.

బయలుదేరేటప్పుడే నేను తిరుగు టిక్కెట్లు కూడా కొన్నాను. ఆపరేషన్‌కు ఇన్ని రోజులు, ఆస్పత్రిలో ఇన్ని రోజులు, లాడ్జీలో మూడు రోజులు అని కాగితం మీద కూడిక వేసి, ఆ తేదీకి బెంగుళూరు నుంచి హౌరా వెళ్లే బండిలో సెకండ్ ఏసీ తీసుకున్నాను. ఆ బండి కాట్పాడిలో ఎక్కితే మర్నాడు బరంపురం చేరుస్తుంది, మద్రాసులో మారే పని లేదు. ఇంత ముందుచూపు మా ఇంట్లో ఎవరికీ లేదని కాస్త గర్వంగానే ఉండేది.

పుణెలో ఉన్న అన్నయ్య కొడుకుకు ఇది మొదటినుంచీ నచ్చలేదు. "విమానంలో తీసుకురండి బాబాయ్, డబ్బు నేను పంపుతాను. 2023 జూన్ 2న బహనగా దగ్గర కోరమాండల్ బోగీలు వెళ్లి పడింది ఈ బండి మీదే కదా" అన్నాడు. నిజమే, ఆ రోజు మూడో బండి ఇదే. బహనగా బరంపురానికి అవతల, బాలేశ్వరం దగ్గర ఉంది, మనం అక్కడిదాకా పోమని నచ్చజెప్పాను. కానీ భయం రైల్వే పటం చూసి పుట్టదు. వాడు ఊరుకున్నాడే గాని ఒప్పుకోలేదు.

ఎనిమిదో రోజున డిశ్చార్జి చేశారు. అన్నయ్య లాడ్జీ వసారాలో నెమ్మదిగా నడుస్తున్నాడు, పత్రిక చదువుతున్నాడు. బండి మర్నాడు అనగా పొద్దున చూపించుకోవడానికి వెళ్లాం. ఎక్స్‌రే చూసిన జూనియర్ డాక్టరమ్మ ఎడమ ఊపిరితిత్తి చుట్టూ కొంచెం నీరు చేరిందని, బైపాస్ తర్వాత చాలామందికి ఇలా అవుతుందని, మందులు మార్చి ఇంకొన్నాళ్లు ఆగి చూద్దామని చెప్పింది.

నేను వాదించాను. రైలు కదా, పడుకుని వచ్చేదే కదా, మనిషి బాగానే నడుస్తున్నాడు కదా అన్నాను. అన్నయ్య కూడా నా మొహం చూసి "ఆయాసం ఏమీ లేదమ్మా, వెళ్లిపోతాం" అన్నాడు. ఆ అమ్మాయి విసుక్కోలేదు. "రాత్రి రెండు గంటలకు ఆయాసం వస్తే ఏ స్టేషన్‌లో దిగుతారు?" అని మాత్రం అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. టైంటేబుల్ నోటికి వచ్చు, రేణిగుంట, గూడూరు, నెల్లూరు అని వరసగా చెప్పగలను. అర్ధరాత్రి ఆ ఊళ్లలో దిగి ఎవరి తలుపు కొట్టాలో తెలియదు.

గదికి వచ్చాక కూడా నేను పూర్తిగా మారలేదని చెప్పుకోవాలి. అప్పటి నిబంధన ప్రకారం, బండికి నలభై ఎనిమిది గంటల కంటే ముందు రద్దు చేసుకుంటే సెకండ్ ఏసీకి మనిషికి రెండు వందలు, దాని మీద పన్ను పోయేది. ఆ గడువు దాటింది గనక పావు వంతు పోతుంది. ఆ పావు వంతును వేళ్ల మీద లెక్క వేస్తున్నాను. బాకీ తీరని వ్యాపారంలో ఇంకా డబ్బు పొయ్యొద్దు, పోయింది పోయినట్టే రాసుకోండి అని ముప్ఫై ఏళ్లుగా ఖాతాదారులకు చెబుతున్నవాణ్ణి. వదిన ఆ వేళ్లు చూసింది. "మరిదిగారూ, ఆ డబ్బు నేనిస్తాను, ముందు టిక్కెట్లు వాపసు చేసి రండి" అంది. ఆవిడ నాతో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

రద్దు చేశాను. మర్నాటి రాత్రి, అంటే మేం రైల్లో ఉండవలసిన రాత్రి, రెండు కాకముందే అన్నయ్య లేచి కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదన్నాడు. ఆటోలో పది నిమిషాల్లో అత్యవసర విభాగంలో ఉన్నాం. తెల్లవారేలోగా సూదితో నీరు తీశారు. నేను బయట బల్ల మీద కూర్చుని, ఈ వేళకు బండి దారిలో ఎక్కడో ఉంటుందనుకున్నాను. ఆ సంగతి అన్నయ్యకు ఇంతవరకూ చెప్పలేదు. ఈ పత్రిక ఆయన చదువుతాడు, ఇప్పుడు తెలుస్తుంది.

తర్వాత తొమ్మిది రోజులు ఉన్నాం. మళ్లీ ఎక్స్‌రే తీసి పెద్ద డాక్టరు సరేనన్నాకే ఎలా వెళ్లాలన్న మాట ఎత్తాం. ఈసారి విమానం సంగతి కూడా సరిగ్గా అడిగి తెలుసుకున్నాను. విమానం లోపల గాలి మన నేల మీది గాలి కాదు, ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు పలచగా ఉంటుంది. ఛాతీలో ఎక్కడైనా గాలి చిక్కుకుని ఉంటే పైకి పోయేకొద్దీ అది ఉబ్బుతుంది. అందుకే ఛాతీ, పొట్ట ఆపరేషన్లయిన వాళ్లను మామూలుగా పది రోజులైనా ఆగమంటారు. విమాన కంపెనీ వారి ఆరోగ్య ఫారం ఒకటి ఉంటుంది, దాన్ని డాక్టరు నింపాలి. చక్రాల కుర్చీ కావాలని టిక్కెట్టు కొనేటప్పుడే చెప్పాలి. మా డాక్టరు విమానానికీ అభ్యంతరం లేదన్నారు.

అయినా రైలే తీసుకున్నాం. రాయవేలూరు నుంచి మద్రాసు విమానాశ్రయానికి మూడు గంటల కారు, అక్కడ రెండు గంటల కాపు, రెండు గంటలు గాల్లో, భువనేశ్వరం నుంచి బరంపురానికి మళ్లీ నూట డెబ్భై కిలోమీటర్ల కారు. పొద్దుటి నుంచి రాత్రి దాకా కుర్చీలోనే కూర్చోవాలి. కాలి నుంచి నరం తీసిన మనిషికి గంటల తరబడి కాళ్లు వేలాడేసి కూర్చుంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. రైల్లో పడుకోవచ్చు, లేవొచ్చు, గంటకోసారి నడవాలో నాలుగు అడుగులు వేయొచ్చు. మా ఊరు భువనేశ్వరమో విశాఖో అయి ఉంటే విమానమే అనేవాణ్ణి, అప్పుడు అబ్బాయి మాటే ఒప్పు. ఇక వ్యానులో వెయ్యి కిలోమీటర్లకు పైగా రమ్మన్నవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లు రోడ్డు మీద గతుకులు చూడలేదు.

గుండె ఆపరేషన్‌కు వెళ్లివచ్చే రోగికీ, తోడుగా ఒకరికీ రైల్వే రాయితీ ఉంది. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో డెబ్భై ఐదు శాతం, సెకండ్ ఏసీలో యాభై. సీనియర్ సిటిజన్ రాయితీ 2020లో తీసేశారు గాని ఇది ఉంచారు. ఆస్పత్రి వారు నిర్ణీత నమూనాలో ఇచ్చే సర్టిఫికెట్ పట్టుకుని కౌంటర్‌కు వెళ్లాలి. ముందే తెలియక నేను మొదటిసారి పూర్తి చార్జీ కట్టాను. బి.కాం. చదివినవాడి తెలివి. థర్డ్ ఏసీలో రాయితీ ఎక్కువని అటు పోకండి. మధ్య బెర్తు ఎత్తి వేశాక కింద ఉన్న మనిషి లేచి కూర్చోలేడు, ఛాతీ కోసిన వాడికి రాత్రి అదే కావాలి.

డాక్టరమ్మ ప్రశ్నకు ఈసారి జవాబు రాసుకున్నాను. నెల్లూరు, విజయవాడ, రాజమండ్రి, విశాఖపట్నం - ఒక్కో ఊళ్లో మా బ్యాంకు మిత్రుడొకడికి ఫోన్ చేసి, బండి వచ్చే వేళ చెప్పి, ఫోన్ దగ్గర పెట్టుకోమన్నాను. దగ్గరలో గుండె డాక్టరున్న ఆస్పత్రి ఏదో వాళ్లే కనుక్కుని చెప్పారు. బండిలో అవసరమైతే టీటీఈకి చెప్పాలి, లేదా 139కి ఫోన్ చేయాలి, వచ్చే స్టేషన్‌కు డాక్టరును పిలిపిస్తారు. డిశ్చార్జి కాగితాలు, మందులు పెట్టెలో కాకుండా వదిన చేతిసంచిలో పెట్టాం.

ప్రయాణంలో కష్టపెట్టింది రెండే. ఒకటి లేవడం. రొమ్ము ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అందాకా చేతులు ఆనించి లేవకూడదు, పక్కకు ఒత్తిగిలి కాళ్లు ముందు దింపి లేవాలి. దగ్గు వస్తే చిన్న దిండు ఛాతీకి హత్తుకోవాలి. రెండోది మరుగుదొడ్డి. బండి ఊగుతుంటే ఒంటరిగా పంపలేం. గడియ వేయవద్దని చెప్పి నేను తలుపు బయట నిలబడ్డాను. బడిపంతులుగా ముప్ఫై ఏళ్లు గౌరవంగా బతికిన మనిషి, దానికి మాత్రం చాలా చిన్నబుచ్చుకున్నాడు. విజయవాడలో ఇడ్లీ తిన్నాడు. వదిన తెచ్చిన పెరుగన్నంలో ఆవకాయ ఏదని అడిగి, ఉప్పు కూడదని చెబితే అలిగాడు. ఎదుటి బెర్తు ఖరగ్‌పూర్ కుర్రవాడు అడగకుండానే సామాన్లు సర్దాడు. విజయవాడ మిత్రుడు స్టేషన్‌కే వచ్చి కిటికీ అద్దంలోంచి చెయ్యి ఊపి వెళ్లాడు.

పలాస దాటాక ఎడమవైపు మహేంద్రగిరి వరస కనబడింది. ఇచ్ఛాపురం రాకముందే అన్నయ్యకు చెప్పులు తొడిగించి తలుపు దగ్గరి సీటుకు తెచ్చాం, బరంపురంలో బండి కొద్ది నిమిషాలే ఆగుతుంది. కూలీ, చక్రాల కుర్చీ సిద్ధంగా ఉన్నాయి. పుణె అబ్బాయి ముందు రోజే విమానంలో వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. కుర్చీలో కూర్చోబెట్టాక అన్నయ్య వాణ్ణి మొదట అడిగింది, ఇంట్లో కుళాయి నీళ్లు వస్తున్నాయా అని.

రాయగడ సోదరికి: వెళ్లే టిక్కెట్లు మాత్రం కొనండమ్మా. వచ్చే సంచికలో లాకర్ల నామినేషన్ గురించి రాస్తాను.