చరణ్ గారూ, ఫైనల్ అయ్యాక వాళ్ళేమయ్యారు?

గాయకులు, ‘పాడుతా తీయగా’ వ్యాఖ్యాత శ్రీ ఎస్.పి. చరణ్ గారికి,



1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పటి నుంచీ టీవీ ముందు కూర్చున్న ఇల్లు మాది. 2020 సెప్టెంబర్ 25న మీ నాన్నగారు, ఎస్.పి. బాలు గారు వెళ్ళిపోయాక ఇక ఆ కార్యక్రమం ఉండదనే అనుకున్నాం. మరుసటి ఏడాది చివర్లో మీరు వచ్చి నిలబెట్టారు. మైకు పట్టుకున్న ప్రతిసారీ జనం నాన్నగారితో పోల్చి చూస్తారని తెలిసీ ఒప్పుకోవడం చిన్న సంగతేం కాదు. కాబట్టి మీ మీద ఫిర్యాదుతో రాస్తున్నాననుకోకండి. ఫైనల్ అయిపోయి, సెట్టు విప్పేశాక మొదలయ్యే కథ ఒకటుంది. అది మీతో చెబితేనే ఏమన్నా ప్రయోజనం ఉంటుందనిపించి రాస్తున్నాను.

ప్రతి సీజన్‌లోనూ మా ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో గొంతును మనసులో పెట్టుకుంటారు. ఆ గొంతు గెలవాలనేం లేదు. క్వార్టర్స్‌లోనో సెమీస్‌లోనో కళ్ళు తుడుచుకుని, జడ్జీల కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళిపోతుంది. మర్నాటి నుంచి ఆ పిల్లని వినాలంటే ఎక్కడ వినాలి? కొత్త పాట వచ్చినప్పుడల్లా యూట్యూబ్‌లో లిరికల్ వీడియో కింద పేర్లు చదవడం నాకు అలవాటైపోయింది. హీరో, హీరోయిన్, బ్యానరు, దర్శకుడు, సంగీతం, సాహిత్యం అన్నీ అయ్యాక గాయకులు. ఇంకాస్త కిందికి జరిపితే కోరస్. మనవాళ్ళు ఎక్కువగా దొరికేది అక్కడే. ఏళ్ళ తేడాతో వేర్వేరు సీజన్లలో పాడినవాళ్ళు ఒకే వరసలో, కామాల మధ్య కనిపిస్తారు. ఒకప్పుడు మీ వేదిక మీద, వెనకాల అంత ఆర్కెస్ట్రా పెట్టుకుని ఒంటరిగా నిలబడి పాడినవాళ్ళే వాళ్ళంతా.

కోరస్ తక్కువ పనని నేననను. అన్నం పెట్టే పని, శ్రుతి నేర్పే పని. కానీ ఆ వరసలోంచి ముందుకు ఎవరొస్తున్నారు, ఎవరు ఆగిపోతున్నారు, ఎందుకాగిపోతున్నారన్న లెక్క ఎవరి దగ్గరా లేదు.

మీ ఇంటి కథ మీకే చెప్పడం కొంచెం ఎబ్బెట్టుగా ఉంది గానీ చెప్పక తప్పదు. బాలు గారూ పోటీల్లోంచి వచ్చినవారే. చదువుకునే రోజుల్లో మద్రాసులో ఒక తెలుగు సాంస్కృతిక సంస్థ పెట్టిన పాటల పోటీలో ఆయనకు మొదటి బహుమతి వచ్చింది. ఆ గొంతు విన్న సంగీత దర్శకులు ఎస్.పి. కోదండపాణి గారు సినిమాల్లో పాడిస్తానన్నారు. అలాంటి మాటలు ఆ రోజుల్లోనూ చాలామంది అనే ఉంటారు. అవకాశం వెంటనే రాలేదు కూడా. అయినా 1966 డిసెంబర్ 15న ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’కు పాట రికార్డయ్యేదాకా ఆయన ఆ కుర్రాణ్ణి వదిలిపెట్టలేదు. తర్వాత బాలు గారు మద్రాసులో పెట్టుకున్న రికార్డింగ్ థియేటర్‌కు కోదండపాణి పేరే పెట్టారు. పోటీల్లో మార్కులు వేసినవాళ్ళు ఎవరికి గుర్తుంటారు? కోదండపాణి గారు గుర్తుండిపోయింది పోటీ అయిపోయాక ఆయన చేసిన పనికి.

ఇప్పటి పోటీల్లో కనపడనిది ఆ రెండో పనే. జడ్జి సీట్లో ఉన్న సంగీత దర్శకుడు లేచి, “నా నెక్స్ట్ సినిమాలో నీ చేత పాడిస్తాను” అంటాడు. చప్పట్లు. కెమెరా వెంటనే ప్రేక్షకుల్లో ఉన్న తల్లి మీదికి వెళుతుంది, ఆవిడ కొంగు కళ్ళకద్దుకుంటుంది, వెనకాల వయొలిన్లు. ఆ పాట వచ్చిందా, రాలేదా అన్నది మాత్రం తర్వాత ఎవరూ చెప్పరు. కొందరు నిజంగానే పాడించారు. ఆ సంగతీ చెప్పరు. పాపం, మాట నిలబెట్టుకున్నవాళ్ళకు కూడా దక్కాల్సిన పేరు దక్కడం లేదు.

ర్యాంకుకూ ఆ తర్వాతి ప్రయాణానికీ పొంతన ఎంత తక్కువో చెప్పడానికి మన కళ్ళ ముందే ఉదాహరణ ఉంది. 2017లో సోనీ టీవీ ఇండియన్ ఐడల్ తొమ్మిదో సీజన్ ఫైనల్లో మిగిలిన ముగ్గురిలో ఇద్దరు తెలుగువాళ్ళు. రేవంత్ గెలిచాడు. అతను అప్పటికే ‘బాహుబలి’లో ‘మనోహరి’ పాడినవాడు, మనకు కొత్తేం కాదు. మూడో స్థానం పి.వి.ఎన్.ఎస్. రోహిత్‌ది. ఆ రోహిత్ 2023లో ‘బేబి’ సినిమాకు విజయ్ బుల్గానిన్ సంగీతంలో ‘ప్రేమిస్తున్నా’ పాడితే, 2025 ఆగస్టులో ఆ పాటకు జాతీయ ఉత్తమ గాయకుడి పురస్కారం ప్రకటించారు. మూడో స్థానానికీ జాతీయ అవార్డుకూ మధ్య ఎనిమిదేళ్ళు. ఆ ఎనిమిదేళ్ళూ ఎవరు పిలిచారు, ఎవరు పిలిచి తీసేశారు, నెల గడవడానికి ఏం పాడాడు? కొత్తగా మైకు పట్టుకునే పిల్లలకు పనికొచ్చేది ఈ కథే. మన చేతికి వచ్చిందల్లా ఫైనల్ రోజు ఫొటో, అవార్డు రోజు వార్త.

అంతకుముందు 2006లో ఇండియన్ ఐడల్‌లోనే కారుణ్య కోసం ఎస్సెమ్మెస్‌లు పంపి ప్రీపెయిడ్ బ్యాలెన్స్ ఖాళీ చేసుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. మనవాడు రెండో స్థానంలో ఆగిపోతే గెలిచిన సందీప్ ఆచార్యను ఇక్కడ తిట్టుకోని వీధి లేదు. ఆ బికనేర్ కుర్రాడు 2013లో ఇరవై తొమ్మిదేళ్ళకే చనిపోయాడు. అన్ని ఓట్ల హోరు చూసిన మనలో ఎంతమందికి ఆ కబురు చేరింది? 2010లో శ్రీరామచంద్ర ఐడల్ గెలిచి మన ముచ్చట తీర్చాడు. ఆ తర్వాత హిందీలో పాడాడు, సినిమాల్లో నటించాడు, బిగ్‌బాస్‌కు వెళ్ళాడు, ‘తెలుగు ఇండియన్ ఐడల్’కు వ్యాఖ్యాత అయ్యాడు. అన్నీ ఇష్టపడే చేసి ఉండొచ్చు, నాకెందుకు? కానీ దేశమంతా ఓట్లేసి గెలిపించిన గాయకుడి సొంత పాటల ఆల్బమ్ ఫలానా అని జనం టక్కున చెప్పలేకపోతే లోపం అతనిదా, మనదా?

బాగుపడ్డవాళ్ళు లేరని కాదు నా గోడు. ఉష, మల్లికార్జున్, గోపికాపూర్ణిమ మీ వేదిక మీంచి వచ్చినవాళ్ళే. 2001 ప్రాంతంలో ఆర్పీ పట్నాయక్ బాణీల్లో ఉష గొంతు ఊరూరా మోగింది. ఒకప్పుడు పోటీల్లో నిలబడి మార్కుల కోసం ఎదురుచూసిన గీతామాధురి, 2023 నాటికి ‘తెలుగు ఇండియన్ ఐడల్’లో జడ్జి కుర్చీలో కూర్చుంది. వీళ్ళ గురించి పత్రికలు రాస్తాయి. నేనడిగేది మిగతా వందలమంది సంగతి.

ఆ మధ్య తణుకులో ఒక పెళ్ళి రిసెప్షన్‌కు వెళ్ళాను. పెళ్ళివేదిక పక్కనే చిన్న స్టేజి, ఒక కీబోర్డు, ప్యాడ్స్, ల్యాప్‌టాప్‌లో కరోకే ట్రాకులు. ఫ్లెక్సీ మీద పాడే అమ్మాయి పేరు కంటే టీవీ షో పేరు పెద్దక్షరాల్లో ఉంది, పక్కన ‘ఫేమ్’ అని. కల్యాణిలో కట్టిన పాట పాడి జడ్జీల చేత లేచి చప్పట్లు కొట్టించుకున్న అమ్మాయి. జనమంతా ప్లేట్లు పట్టుకుని బిర్యానీ కౌంటర్ దగ్గరున్నారు. పెళ్ళికొడుకు స్నేహితులు టిష్యూ కాగితం మీద ఏదో మాస్ పాట పేరు రాసి పంపారు. ఆమె చదివి, నవ్వి, శ్రుతి కాస్త దించమని కీబోర్డతనికి సైగ చేసి అందుకుంది. రెండో చరణంలో, ఎవరూ వినని చోట, చిన్న గమకం ఒకటి వేసింది. కీబోర్డతను ఒక్కడే తలెత్తి చూశాడు.

భోజనాల దగ్గర పలకరిస్తే, “మా సీజన్ అయిన ఏడాది బాగా పిలిచారండీ. తర్వాతి సీజన్ వస్తే వాళ్ళని పిలుస్తారు కదా” అంది. ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు, బస్సు టైములు చెబుతున్నట్టు చెప్పింది. తెల్లారకముందే అమెరికాలోని తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో పాఠాలు, పగలు స్కూల్లో మ్యూజిక్ టీచరు, ముహూర్తాలుంటే పెళ్ళిళ్ళు. “ఆషాఢంలో గొంతుకు రెస్టు” అని నవ్వింది. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్ళూ ట్రాకులు పాడిందట. ట్రాకంటే మీకు నేను చెప్పక్కర్లేదు గానీ ఈ లేఖ చదివే మిగతావాళ్ళ కోసం చెబుతాను. సంగీత దర్శకుడు కట్టిన బాణీని ముందు ఒకరి చేత పాడించి దర్శకుడికి, నిర్మాతకు వినిపిస్తారు. అది ఖాయమయ్యాక పేరున్న గాయకుడొచ్చి ఆ ట్రాకు విని, అందులోని ఒడుపులు పట్టుకుని పాడి వెళతాడు. ఎప్పుడో ఒకసారి ట్రాకు గొంతే బాగుందని ఉంచేస్తారు. ఆ ఒక్కసారి కోసమే ఎదురుచూపు. పాట విడుదలైన రోజు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి పెడితే వేరే గొంతు వినపడుతుంది. అలా జరిగాక ఆమె ఇంట్లో ముందుగా చెప్పడం మానేసిందట.

ఇందులో పోటీల పాత్ర ఎంతంటే, కొంత ఉంది. మన పిల్లల చేత పాత పాటలే పాడిస్తాం. అందులో గొప్ప చదువుంది, కాదనను. బాలు గారు ఒక పాట అయ్యాక దాని రచయిత ఎవరు, రాగమేంటి, రికార్డింగ్ రోజు ఏం జరిగింది చెబుతూ, శ, ష, సలు తేడా లేకుండా పలికితే ఆపి దిద్దుతూ ఉంటే అది ఇంటింటికీ సంగీతం క్లాసులా ఉండేది. మా తరానికి పాట వినడం నేర్పింది ఆయనే. అయితే సుశీలమ్మ పాటను సుశీలమ్మలా, జానకమ్మ పాటను జానకమ్మలా పాడితే మార్కులు పడతాయి. స్టూడియోలో అడిగేది వేరు. అక్కడ అప్పుడే రాసిన పల్లవి, ఎవరూ ముందు పాడని బాణీ, బూత్‌లో ఒక్కరే, గంటో రెండు గంటలో టైము. దానికి పిల్లల్ని మనం సిద్ధం చెయ్యడం లేదు. తర్వాత ‘స్వరాభిషేకం’ లాంటి కచేరీలు పాత పోటీదారులకు మంచి వేదిక ఇచ్చాయి, సంతోషమే. అక్కడా పాడింది మళ్ళీ పాత పాటలే కదా.

డబ్బు సంగతి మన సభల్లో ఎవరూ ఎత్తరు. పోటీలో పేరొచ్చిన పిల్లలు యూట్యూబ్‌లో కవర్ సాంగ్స్ పెడతారు. లక్షల్లో చూస్తారు. పాట హక్కులు ఆడియో కంపెనీవి కాబట్టి ప్రకటనల రాబడి చాలాసార్లు కంపెనీకి పోతుంది, పాడినవాళ్ళకు లైకులు మిగులుతాయి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి గాయకులకూ రాయల్టీ హక్కు ఇచ్చారు. దాన్ని వసూలు చెయ్యడానికి గాయకులు సంఘం పెట్టుకుంటే, ఆ సంఘం తరఫున గొంతు విప్పినవాళ్ళలో మీ నాన్నగారూ ఉన్నారు. అంత పెద్దాయన తనకు తక్కువై మాట్లాడలేదు. మీ వేదిక మీదికొచ్చే పద్దెనిమిదేళ్ళ పిల్లకు ఆ హక్కు ఉందని, రేపు ఏ కాగితం మీద సంతకం పెడితే ఏం పోతుందని ఒక పూట కూర్చోబెట్టి చెప్పేవాళ్ళుంటే బాగుంటుంది. మేకప్‌కు కేటాయించే టైములో సగం చాలు.

ఇంతకీ నేను కోరేది పెద్దదేం కాదు. ప్రతి సీజన్‌లో ఒక్క వారం పాత పోటీదారులకు ఇవ్వండి. విజేతలు వద్దు, వాళ్ళు మాకు తెలుసు. మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళని పిలవండి. వచ్చినవాళ్ళు సినిమా పాట కాకుండా తమ కోసం కట్టుకున్న పాటొకటి పాడాలని నియమం పెట్టండి. కట్టేవాళ్ళు లేరంటారా, కొత్త సంగీత దర్శకులు అవకాశం కోసం మీ గుమ్మం ముందే ఉన్నారు. కిందటి సీజన్‌లో “పాడిస్తాను” అన్న జడ్జి గారు పాడించి ఉంటే ఆ పాటను అదే వారం వేదిక మీద వినిపించండి. పాడించకపోయి ఉంటే మీరేమీ అనక్కర్లేదు, పిల్లని పిలిచి కూర్చోబెట్టండి చాలు. రేటింగ్ రాదని ఛానెల్ వాళ్ళు అంటారు. ముప్పై ఏళ్ళుగా డాన్సులూ కుప్పిగంతులూ లేకుండా పాట ఒక్కదాంతోనే నడిచిన కార్యక్రమం మీది, ఆ మాటకు బదులు మీకు తెలుసు.

ఇంకొక్కటి. పాత ఎపిసోడ్ల ముక్కలు నెట్‌లో తిరుగుతుంటాయి. వాటి కింద సినిమా పేరుంటుంది, బాలు గారి పేరుంటుంది, పాడిన పిల్ల పేరు చాలావాటికి ఉండదు. మీ దగ్గరున్న మూల రికార్డులకైనా పేర్లు తగిలించండి. దానికి ఖర్చు కూడా లేదు.

మొదలుపెట్టాలంటే తొంభైల్లో తొలి రౌండ్‌లోనే వెనక్కి వెళ్ళినవాళ్ళతో మొదలుపెట్టండి. ఇప్పుడు వాళ్ళకు యాభై దగ్గర పడుతూ ఉంటాయి. అప్పటి దరఖాస్తుల్లో ఎస్టీడీ కోడ్ వేసి రాసిన ల్యాండ్‌లైన్ నంబర్లు ఇప్పుడు పలకవు. విజయనగరంలో, గుంటూరులో, వరంగల్‌లో సంగీతం మాస్టార్లను అడిగించండి, ఏ శిష్యురాలు ఏ ఊళ్ళో కాపురముందో వాళ్ళకు నోటికొచ్చు. వచ్చినవాళ్ళలో ఎవరైనా ఇప్పుడు పాడలేనంటే బలవంతం చెయ్యకండి. ఎందుకు మానేశారో చెప్పనివ్వండి, మధ్యలో మ్యూజిక్ వెయ్యకుండా.

ఇట్లు,
మీ కార్యక్రమం చూసే ఒక శ్రోత,
రాజమహేంద్రవరం