జపాన్ భాషకు మధ్యలో ఇంగ్లీషు గుమ్మం ఎందుకు?

 

ఈసారి గోడ పత్రికకి చాలామంది పరిశుభ్రత గురించి, చెట్ల పెంపకం గురించి రాశారు. నేను జపాన్ భాష నేర్పే కంప్యూటర్ పాఠాల గురించి రాస్తున్నాను. "కోరుకొండ హాస్టల్లో ఉండి జపాన్ భాష ఎందుకే నీకు?" అని పదో తరగతి అక్కలు అప్పుడే నవ్వారు. చివరిదాకా చదవండి. అప్పుడు కూడా నవ్వొస్తే నవ్వండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫోనులోను, కంప్యూటర్లోను జపాన్ వ్యాకరణం నేర్పే పాఠాలు, నేను చూసినంతవరకు, ఇంగ్లీషు వచ్చినవాళ్ల కోసం తయారైనవి. వాటిని తెలుగువాళ్ల కోసం మళ్లీ తయారు చేయాలి. ఇంగ్లీషు మాటలు తీసేసి తెలుగు మాటలు పెడితే సరిపోదు. మనకి ముందే తెలిసింది ఏది, మనం జారిపడేది ఎక్కడ అని చూసుకుని తయారు చేయాలి.

ఇది ఎవరికి అవసరం అంటారా? 2021 జనవరిలో మన దేశానికీ జపాన్‌కీ ఒక ఒప్పందం జరిగింది. దాని ప్రకారం పని నేర్చిన మనవాళ్లు అక్కడికి వెళ్లి ఉద్యోగం చేయవచ్చు. ముసలివాళ్లని చూసుకునే పని, వ్యవసాయం, కట్టుబడి పని, ఇలా చాలా ఉన్నాయి. జపాన్‌లో ముసలివాళ్లు ఎక్కువ, వాళ్లని చూసుకునే వయసువాళ్లు తక్కువ. అయితే వెళ్లాలంటే పనిలో పరీక్షతో పాటు భాషలో కూడా పరీక్ష పాసవ్వాలి. జె.ఎల్.పి.టి. అనే పరీక్ష 1984లో మొదలైంది. 2010 నుంచి దానికి ఐదు మెట్లున్నాయి. ఎన్5 అన్నిటికన్నా కింది మెట్టు, ఎన్1 అన్నిటికన్నా పై మెట్టు. ఈ ఉద్యోగాలకి ఎన్4 గానీ, దానికి సరిపడే ఇంకో భాషా పరీక్ష గానీ కావాలి.

మా పెద్దమ్మ కూతురు నర్సింగ్ చదివింది. మా ఊళ్లో ఆ చదువు చదివిన మొదటి మనిషి తనే. ఇప్పుడు ఈ భాషా పరీక్షకి తయారవుతోంది. పగలు ఆసుపత్రిలో డ్యూటీ, రాత్రి ఫోనులో పాఠాలు. సంక్రాంతి సెలవుల్లో నేను పక్కన కూర్చుని చూశాను. "ఆసుపత్రిలో ఉన్నాను" అనేదానికి "బ్యోయిన్ ని ఇమసు" అని నొక్కింది. ఒప్పు వచ్చింది. తర్వాత "ఆసుపత్రిలో పని చేస్తాను" అని వచ్చింది. దానికీ "బ్యోయిన్ ని" అనే నొక్కింది. ఎర్ర గీత పడింది. మళ్లీ నొక్కితే మళ్లీ ఎర్ర గీత. ఐదు తప్పులు అయ్యేసరికి పాఠం ఆగిపోయింది, రేపు రమ్మంది. కింద వివరణ ఉంది గానీ అంతా ఇంగ్లీషే. "నా వల్ల కాదే, నా బుర్ర ఇంతే" అంది అక్క. రాత్రంతా మేలుకుని రోగులకి సెలైన్లు మార్చే మనిషి అలా అనడం నాకు నచ్చలేదు.

తర్వాత శిక్షణలో వాళ్ల టీచరు ఒక్క ముక్కలో చెప్పారట. ఉండటం అయితే "ని", పని జరగడం అయితే "దె". తెలుగులో రెండిటికీ "లో" ఒకటే కాబట్టి మనం పొరబడతాం. అంతే! ఈ రెండు ముక్కలు ఆ ఎర్ర గీత పక్కన తెలుగులో రాసి ఉంటే అక్క బుర్రకి వంక ఉండేది కాదు కదా. తప్పు అని చెప్పే పాఠం ఎందుకు తప్పో కూడా చెప్పాలి. మన లెక్కల సారు ఊరికే ఇంటూ పెట్టి పుస్తకం తిరిగి ఇచ్చేస్తే మనకి లెక్కలు వచ్చేవా?

ఇప్పుడు మనకి ముందే తెలిసిన సంగతులు చూడండి. "నేను అన్నం తింటాను" అనేది జపాన్ భాషలో "వతాషి వ గొహాన్ ఒ తబెమసు". వతాషి అంటే నేను, గొహాన్ అంటే అన్నం, తబెమసు అంటే తింటాను. వరస అచ్చం మనదే. క్రియ చివరికి వస్తుంది. ఇంగ్లీషులో మాత్రం "నేను తింటాను అన్నం" అని తిరగేయాలి. మనకి నుంచి, వరకు అనేవి పేరు తర్వాత వస్తాయి. వాళ్లకీ అంతే. "కోరుకొండ నుంచి రాజమండ్రి వరకు" అనాలంటే "కోరుకొండ కర రాజమండ్రి మదె". "వస్తాను అని చెప్పాడు" అనేదానిలో మన "అని" ఉన్న చోటే వాళ్ల "తొ" ఉంటుంది.

అన్నిటికన్నా నాకు ఆశ్చర్యం వేసింది ఇంకోటి. మనం "తిని చూస్తాను" అంటాం. నిజంగా కళ్లతో చూస్తామా? రుచి ఎలా ఉందో తెలుసుకుంటాం. జపాన్ వాళ్లు కూడా "తబెతె మిమసు" అంటారు. తబెతె అంటే తిని, మిమసు అంటే చూస్తాను. "రాసి పెడతాను" అనేది "కైతె ఒకిమసు". అక్కడ కూడా రాయడం, పెట్టడం అనే రెండు క్రియలే. ఇంగ్లీషులో చదివేవాళ్లకి ఇవి కొత్త పాఠాలు, పేజీలకి పేజీలు వివరించాలి. మనకి ఒక్క లైను చాలు. మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు మనం రెండు అనం, ఇద్దరు అంటాం. వాళ్లు కూడా వస్తువులకి "ఫుతత్సు", మనుషులకి "ఫుతరి" అంటారు. ఇది మన మూడో తరగతి చెల్లికి కూడా చెప్పకుండానే అర్థమవుతుంది.

మరి జారిపడే చోట్లు? అవి కూడా ఉన్నాయి. మనం "అక్క ఉంది, కుక్క ఉంది, కుర్చీ ఉంది" అని మూడింటినీ ఒకే గాట కట్టేస్తాం. జపాన్ భాషలో ప్రాణం ఉన్నవాటికి "ఇమసు", లేనివాటికి "అరిమసు". అంటే అక్క, కుక్క ఒక వైపు, కుర్చీ ఇంకో వైపు. (అన్నయ్యకి "ఉన్నాడు" అని వేరే మాట ఇచ్చి అక్కని కుర్చీ పక్కన ఎందుకు పెట్టామో తెలుగు మేడమ్ గారే చెప్పాలి!) ఇంకోటి: మనం తిన్నాను, తిన్నావు, తిన్నాడు, తిన్నది అని మారుస్తాం. వాళ్లకి అన్నిటికీ "తబెమషిత" ఒక్కటే. ఎవరు తిన్నారో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. మనకి చలిగా ఉన్నా, నిన్న చలిగా ఉండినా "చలి" అనే మాట మారదు. వాళ్లకి "సముయి" అన్నది నిన్నటికి "సముకత్త" అయిపోతుంది. తెలుగువాళ్ల పాఠం ఇలాంటి చోట్ల ఆగి, నెమ్మదిగా, ఎక్కువ అభ్యాసాలు ఇవ్వాలి. తెలిసిన చోట గబగబా దాటేయాలి.

లిపి సంగతి కూడా చెప్పాలి. మొదట్లో పాఠాలు జపాన్ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో చూపిస్తాయి. అందులో పొట్టి పలుకు, పొడుగు పలుకు చాలాసార్లు తేడా తెలియదు. ఒబసాన్ అంటే పిన్నో అత్తో. ఒబాసాన్ అంటే అమ్మమ్మ. ఒక్క దీర్ఘంతో పిన్ని ముసలిదైపోతుంది! కితె అంటే రా అని. కిత్తె అంటే ఉత్తరానికి అంటించే తపాలా బిళ్ల. మన తెలుగులో దీర్ఘం ఉంది, ఒత్తు ఉంది, పొట్టి ఎ, ఒ కూడా ఉన్నాయి. కాబట్టి వాళ్ల సొంత అక్షరాలు వచ్చేదాకా మొదటి మెట్టుగా తెలుగు లిపి వాడుకోవాలని నా అభిప్రాయం. పక్కనే వినడానికి గొంతు కూడా ఉండాలి.

ఇంకా రెండు కోరికలు. ఒకటి, నెట్ లేకపోయినా పాఠం తెరుచుకోవాలి. మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే గుట్ట మీదికి ఎక్కాలి. ఒకసారి దించుకుంటే నెలంతా పని చేయాలి, కావాలంటే కాగితం మీద అచ్చు తీసుకునేటట్టు ఉండాలి. రెండు, ఉదాహరణలు మన బతుకులోవి కూడా ఉండాలి. విమానం టిక్కెట్టు, హోటల్ గది అనే వాక్యాలే ఉంటే మనకి జపాన్ మాట కన్నా ముందు ఆ సంగతే కొత్త. "అమ్మ చింతపండు అమ్ముతుంది", "వానకి వాగు పొంగింది, బడికి రాలేదు" అని ఉంటే మనసుకి అంటుకుంటుంది.

"ఇదంతా ఎవరు చేస్తారు, పెద్ద పెద్ద కంపెనీలు చేయాలి" అంటారు. అలా ఏమీ లేదు. జపాన్‌లో యసుహితొ తనకా అనే ఆచార్యులు తన విద్యార్థులకి ఒక పని పెట్టారు. ఒక్కొక్కరు 300 వాక్యాలు జపాన్ భాషలోను, ఇంగ్లీషులోను జతగా తేవాలి. కొన్నేళ్లకి 2,12,000 జతలు పోగయ్యాయి. 2001లో వాటిని అందరికీ వదిలేశారు. విద్యార్థులు రాసినవి కాబట్టి తప్పులున్నాయి. తర్వాత వేరే వేరే దేశాలవాళ్లు కూర్చుని దిద్దుతూ వచ్చారు. 2006లో మొదలైన తతోఎబా అనే వాక్యాల సైటు కూడా వాటిని తీసుకుంది. తతోఎబా అంటే "ఉదాహరణకు" అని అర్థం. దానిలో ఎవరైనా తమ భాషలో వాక్యం చేర్చవచ్చు.

మన దగ్గర కూడా అలాంటి పెద్దలున్నారు. ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. అది గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన సవరల దగ్గరే సవర భాష నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణం వేయించారు. ముందు విన్నారు, తర్వాత రాశారు. పనిముట్టు లేదని ఊరుకోలేదు.

ఇక వార్డెన్ మేడమ్ గారు అడిగిన ప్రశ్న: "ముందు ఇంగ్లీషు సరిగ్గా నేర్చుకోండి, తర్వాత ఏ భాషైనా వస్తుంది కదా?" మేడమ్ గారి మీద గౌరవంతోనే జవాబు చెబుతున్నాను. ఇంగ్లీషు నేర్చుకుంటాం, తప్పదు. కానీ ఒక గది తాళం తీయడానికి ఇంకో గది దాటి వెళ్లాలనే నియమం ఎందుకు? 2020-21 నుంచి మన ప్రభుత్వ పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క తెలుగు వేశారు. సైన్సు అర్థం కానప్పుడు మనమందరం ఎదురు పేజీయే చూస్తాం. నేను అడిగేది జపాన్ పాఠానికి కూడా ఒక ఎదురు పేజీ.

మాలాంటి కోయ పిల్లలకి ఈ బాధ ముందే తెలుసు. మా భాషలో ఏరు అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే పారే వాగు. ఒకటో తరగతిలో ఆ తేడా చెప్పినవాళ్లు ఉంటే పిల్ల నిలబడుతుంది, లేకపోతే నోరు మూసుకుని వెనక బెంచీకి పోతుంది. 2004లో కోయతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితో చిన్నపిల్లలకి వాచకాలు వేయడం మొదలుపెట్టింది కూడా అందుకే. తెలిసిన భాష మీద నిలబడి తెలియని భాషకి చెయ్యి చాపాలి. జపాన్ భాషకైనా అదే దారి.

అందుకని నా విన్నపం. మన తరగతిలో 40 మందిమి ఉన్నాం. ఒక్కొక్కరు మన రోజువారీ మాటల్లోంచి పది తెలుగు వాక్యాలు రాస్తే 400 అవుతాయి. లైబ్రరీలో ఒక పొడుగు నోటుబుక్కు పెడదాం. శనివారం కంప్యూటర్ గదిలో అరగంట ఇప్పించమని మేడమ్ గారిని కోరుతున్నాను. సారు దగ్గరుండి చూస్తే వాటిని తతోఎబాలో చేర్చవచ్చు. జపాన్ జత కట్టే పని ఆ భాష వచ్చినవాళ్లది. తెలుగు వాక్యం అక్కడ ఉంటేనే కదా వాళ్లు జత కట్టేది. మా అక్క కూడా తను పొరబడిన చోట్లు కాగితం మీద రాసి పంపుతానంది. నోటుబుక్కు మొదటి పేజీలో "ఆసుపత్రిలో ఉన్నాను", "ఆసుపత్రిలో పని చేస్తాను" అనే రెండు వాక్యాలు నేను అప్పుడే రాశాను. మిగతావి మీరు రాయండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని