మా మారియో కొంచెం నిదానం

మొన్న సంక్రాంతి సెలవలకి మా ఊరు తిరువూరు వెళ్లినప్పుడు నాకొక అవమానం జరిగింది. లాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ వేసుకుని, దాదాపు పదేళ్ల తర్వాత సూపర్ మారియో మొదలుపెట్టాను. చిన్నప్పుడు కళ్లు మూసుకుని దాటేసిన మొదటి స్టేజీలోనే గుంటలో పడి చచ్చాను. రెండోసారీ అంతే. మూడోసారి గుంటదాకా కూడా వెళ్లలేదు, మొట్టమొదట ఎదురొచ్చేదే గుద్దేసింది. పందొమ్మిదేళ్లకే వయసైపోయిందా అనుకున్నాను.

వెనకాల నిలబడి చూస్తున్న అక్క అంది: "ఒరేయ్, వీడేంట్రా ఇంత ఫాస్టుగా పరిగెడుతున్నాడు? మన మారియో ఇలా ఉండేవాడు కాదు."

నేను నవ్వాను. "అదే గేమ్ అక్కా. 1985లో వచ్చిన ఒరిజినల్ ఇది."

"ఏమో నాకు తెలీదు. పాట కూడా తొందరగా వస్తోంది."

కంప్యూటర్ సైన్స్ చదివేది నేను, అక్క చదివింది బీకామ్. అయినా కరెక్టు అక్కే. ఆ సంగతి ఒప్పుకోడానికే ఈ వ్యాసం. దాంతోపాటు మన క్లబ్బుకి ఒక మాట కూడా చెప్పాలి.

మనలో చాలామంది ఇళ్లలో ఆ డబ్బా ఉండే ఉంటుంది. దానికి పేరు లేదు, "వీడియో గేమ్" అంతే. పసుప్పచ్చ క్యాసెట్, దాని మీద "9999 ఇన్ 1" అని స్టిక్కర్. నిజానికి అందులో ఉన్నవి కొన్ని పదుల గేములే. వాటినే వేరే పేర్లతో, వేరే స్టేజీ నుంచి మొదలయ్యేట్టు మార్చి అంత లెక్క చూపించేవాళ్లు. మారియో, కాంట్రా, పండ్లు తింటూ గొడ్డలి విసురుకుంటూ పోయే అడ్వెంచర్ ఐలాండ్ అన్నీ అందులోనే. మామిడికాయల రోజుల్లో, మధ్యాహ్నం కరెంటు ఉంటే ఆట, పోతే తిట్లు. 2012-13లో కోతలు ఎలా ఉండేవో మీకూ గుర్తుండే ఉంటుంది. సేవ్ చేసుకునే వీల్లేదు, కరెంటు పోతే మళ్లీ మొదటి స్టేజీయే.

నింటెండో అనే మాట మేం వినలేదు. ఆ కంపెనీ 1983లో జపాన్‌లో తెచ్చిన ఫామికామ్ అనే యంత్రానికి మా డబ్బా ఒక నకలు. మొన్న అటక మీంచి దించి స్క్రూలు విప్పి చూశాను. లోపల పేరున్న చిప్పు ఒక్కటీ లేదు. బోర్డు మధ్యలో తారు చుక్క లాంటి నల్లటి బొట్టు ఉంది. అసలు యంత్రంలో విడివిడిగా ఉండే చిప్పులన్నీ ఆ బొట్టు కింద ఒకటిగా కుక్కేశారన్నమాట.

ఇప్పుడు అక్క మాట సంగతి. జపాన్, అమెరికా టీవీలు సెకనుకి దాదాపు 60 బొమ్మలు చూపించేవి. మన దేశంలో వాడింది పాల్ పద్ధతి, దాన్లో 50. ఆ కాలం గేములకి గడియారంతో పనిలేదు. టీవీ మీద ఒక బొమ్మ మారితే మారియో ఒక అడుగు, తాబేలు ఒక అడుగు, పాట ఒక అడుగు ముందుకి. అంటే 60 బొమ్మల కోసం రాసిన గేమ్‌ని మార్చకుండా 50 బొమ్మల యంత్రంలో పెడితే అన్నీ ఆరో వంతు నిదానిస్తాయి. అక్క చెవికి తేడా తెలిసింది అందుకే.

సిద్ధాంతం బాగానే ఉంది కానీ, మా డబ్బా సంగతి రుజువు కావాలి కదా. అడాప్టర్ పోయింది. బోసుబొమ్మ సెంటర్ దగ్గర కొత్తది కొనుక్కొచ్చాను. మొదటి స్టేజీలో టైమ్ 400 నుంచి మొదలవుతుంది. ప్రతి 24 బొమ్మలకి ఒక అంకె తగ్గుతుంది. 400 అంటే 9600 బొమ్మలు. 60 లెక్కన 2 నిమిషాల 40 సెకన్లు, 50 లెక్కన 3 నిమిషాల 12 సెకన్లు. స్టార్ట్ నొక్కి కంట్రోలర్ నేల మీద పెట్టేశాం. అక్క ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టింది. మారియో కదలకుండా నిలబడ్డాడు, మేం కదలకుండా కూర్చున్నాం. వంటింట్లోంచి వచ్చిన అమ్మ, "ఏంట్రా, ఆడకుండా ఊరికే చూస్తున్నారు?" అంది. 100 దగ్గర పాట వేగం పెరిగింది. సున్నాకి వచ్చి మారియో పడిపోయేసరికి 3 నిమిషాల 13 సెకన్లు. ఆ ఒక్క సెకను అక్క వేలిది.

అంటే నా వేళ్లు ఏమీ మర్చిపోలేదు. వాటికి గుర్తున్న దూకుడు 50 బొమ్మలది, నేను ఆడింది 60 బొమ్మల గేమ్. అందరూ "ఒరిజినల్" అనేదాన్ని నేను చిన్నప్పుడు ఎప్పుడూ ఆడనే లేదు.

అసలు నన్ను గుచ్చిన విషయం ఆ తర్వాత తెలిసింది. నేను వాడిన మెసెన్ అనే ఎమ్యులేటర్ సెట్టింగుల్లో ప్రాంతం ఎంచుకునే చోటు ఉంది. ఎన్‌టీఎస్‌సీ, పాల్, డెండీ. మొదటిది జపాన్, అమెరికాలది, రెండోది యూరప్‌లో నింటెండో స్వయంగా అమ్మినది. మూడోది ఏంటా అని వెతికాను. 1992లో రష్యాలో అమ్మకానికి వచ్చిన ఒక నకలు యంత్రం పేరు డెండీ. అది కూడా మనలాంటి డబ్బానే. అక్కడి పిల్లలు పెద్దయ్యాక దాన్ని విప్పారు, కొలిచారు, రాసి పెట్టారు. వాళ్ల చిన్నతనానికి మెనూలో ఒక పేరు దొరికింది. డెండీ ఎంచుకుని ఆడాను. మొదటి స్టేజీ మొదటి ప్రయత్నంలోనే దాటేశాను. పాట కూడా మా ఇంటి పాటే. తిరువూరులో మా ముందుగదిలో ఆడిన ఆటని తిరిగి తెచ్చుకోడానికి రష్యా పేరు నొక్కాల్సి వచ్చింది, ఎందుకంటే మనవాళ్లెవరూ ఆ మెనూ దాకా మన లెక్క తీసుకెళ్లలేదు.

నా అభిప్రాయం ఇదీ. పాత గేములు మళ్లీ ఆడేటప్పుడు మనం "ఒరిజినల్" వెనక పడుతున్నాం, మనం ఆడినదాన్ని చిన్నచూపు చూస్తున్నాం. మారియో గేమ్ మొత్తం 40 కిలోబైట్లు, మన వాట్సాప్ ఫొటో అంతకంటే పెద్దది. అది ఎక్కడికీ పోదు, ప్రపంచమంతా దాచుకుంది. పోయేది మన చుట్టూ ఉన్న మిగతాది. ఆ నిదానం, ఆ అబద్ధపు 9999, ముఖ్యంగా మేం పెట్టుకున్న పేర్లు.

మా స్కూల్లో తెలుగు మాట్లాడితే పది రూపాయలు ఫైన్. బల్ల, తలుపు, సుద్దముక్క అన్నీ అక్కడ ఇంగ్లిష్‌లోనే ఉండేవి. ఇంటికొచ్చి ఆ డబ్బా పెట్టగానే అన్నిటికీ మేమే పేర్లు పెట్టేవాళ్లం, తెలుగులో. గూంబా అనేవాడు మాకు గుడ్లగూబ. సుత్తులు విసిరే ఇద్దరు సుత్తోళ్లు. కోట చివర నిప్పులు కక్కేవాడు మొసలి. రెండో స్టేజీ చివర పైకప్పు మీంచి వెళ్తే దొరికే గొట్టాలు దొంగదారి. నేను సొంతంగా తెలుగులో పేరు పెట్టిన వస్తువులు జీవితంలో అవే కావచ్చు.

వాటిలో సగం అక్క పెట్టినవి. టెన్త్ అయ్యాక అక్క హాస్టల్‌కి వెళ్లిపోయింది. రెండో కంట్రోలర్‌కి పని లేకుండా పోయింది. ఆదివారం అక్కడి నుంచి ఐదు నిమిషాలు ఫోన్. అమ్మ, నాన్న మాట్లాడాక నాకు మిగిలేది అర నిమిషం. ఏడో ప్రపంచం కోటలో తప్పు దారిలో పోతే తిరిగి తిరిగి అదే చోటికి వస్తాం. ఒక ఆదివారం నా అర నిమిషం మొత్తం ఆ దారి చెప్పడానికే ఖర్చుపెట్టింది. "పైన పో, సుత్తోళ్ల కోట కాదురా, మొసలి కోట" అని. ఆ వాక్యం మా ఇద్దరికి తప్ప ప్రపంచంలో ఇంకెవరికీ అర్థం కాదు. ఏ ఎమ్యులేటర్‌లోనూ లేదు.

"అది పైరసీ కదా, గొప్పేముంది" అంటారు మా రూమ్మేటు. నిజమే. ఆ క్యాసెట్ డబ్బులు గేమ్ చేసినవాళ్లకి వెళ్లలేదు. రేపు మనం రాసిన కోడ్ ఎవరైనా అలా అమ్ముకుంటే ఊరుకోం. ఆ యంత్రాన్ని నేను వెనకేసుకు రావట్లేదు. కానీ ఆరేళ్ల పిల్లవాడికి ఊళ్లో దొరికింది అదొక్కటే. దాంతో గడిపిన వేసవులు నకిలీవి కావు. నకలు యంత్రమని చెప్పి వాటిని కూడా చెత్తలో పారేయక్కర్లేదు.

అందుకని క్లబ్బుకి నా విన్నపం. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు అటక ఎక్కండి. డబ్బా పనిచేస్తే 400 సున్నా అవడానికి ఎంతసేపు పడుతుందో కొలవండి. లోపల ఏముందో ఒక ఫొటో తీయండి. డబ్బా పోయినా ఫర్వాలేదు, మీరూ మీ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ దేన్ని ఏమని పిలిచేవారో రాసి పంపండి. వచ్చే సంచికలో ఒక పేజీ అడుగుదాం.

మా ఇంటి లెక్క 3 నిమిషాల 12 సెకన్లు. మీ ఇంట్లో ఎంతో చూసి చెప్పండి.