శబ్దంతో మేల్కొనే ఔషధం

ఔషధం ఎంత ఉత్తమమైనదైనా చేరవలసిన చోటికి చేరకపోతే నిష్ఫలం. చేరరాని చోటికి చేరితే అదే విషం. క్యాన్సర్ చికిత్సలోని కష్టమంతా ఇక్కడే ఉన్నది. రక్తంలో కలిసిన కీమోథెరపీ మందు కంతిని క్షీణింపజేస్తూనే వెంట్రుకల కుదుళ్ళను, ఎముకల మజ్జను, జీర్ణకోశాన్ని కూడా బాధిస్తుంది. డాక్సోరూబిసిన్ అనే మందు గుండెను సైతం దెబ్బతీయగలదు.

ఈ చిక్కు విడదీయడానికి ఆధునిక పరిశోధకులు శబ్దాన్ని ఆశ్రయించారు. గర్భిణీ స్త్రీల స్కానింగులో వాడే అల్ట్రాసౌండ్ మన చెవికి వినబడని శబ్ద తరంగమే. భూతద్దంతో ఎండను ఒకచోట కూర్చినట్లు ఆ తరంగాలను కేంద్రీకరిస్తే, చర్మాన్ని కోయకుండానే లోపలి కంతిని వేడి చేయవచ్చు. ఇక మందును అతి సూక్ష్మమైన కొవ్వు బుడగలలో నింపి రక్తంలోకి ఎక్కిస్తారు. దేహపు సహజ ఉష్ణంలో ఆ బుడగలు మందును చాలావరకు పట్టి ఉంచుతాయి. సుమారు 40 డిగ్రీల వేడి తగిలినచోట విడుస్తాయి. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో కాలేయపు కంతులు గల 10 మందికి ఈ విధంగా డాక్సోరూబిసిన్ ఇచ్చి, 2018లో ఫలితాలు ప్రకటించారు. తరంగాలు ప్రసరింపజేసిన పిమ్మట కంతిలో మందు సాంద్రత సగటున 3.7 రెట్లు పెరిగింది.

మరొక మార్గమూ ఉన్నది. కొన్ని పదార్థాలు తమంతట తాము నిద్రాణంగా ఉండి, తరంగం తగిలినప్పుడు ఆక్సిజన్‌ను తీక్ష్ణరూపానికి మార్చి కణాన్ని నశింపజేస్తాయి. హిమటోపార్ఫిరిన్‌కు ఇట్టి గుణం ఉన్నదని జపాన్ శాస్త్రజ్ఞులు 1989లోనే ప్రకటించారు.

ఇది విని "మన శాస్త్రంలో ఎప్పుడో ఉన్నదే" అనేవారితో నేను ఏకీభవించను. సుశ్రుతుడు అర్బుదాన్ని వర్ణించాడు. శస్త్ర, క్షార, అగ్ని కర్మలను విధించాడు. శేషం మిగిలితే వ్యాధి తిరగబెడుతుందని హెచ్చరించాడు. అల్ట్రాసౌండును చెప్పలేదు. చెప్పనిది ఆపాదిస్తే మహర్షి గౌరవం పెరగదు, మన మాటకే విలువ తరుగుతుంది. ఆయన నేర్పిన నిశ్శేష చికిత్స, సాధ్యాసాధ్య వివేకం మనకు చాలు.

ఆ వివేకంతోనే ఈ కొత్త విధానాన్నీ తూచాలి. పదిమంది పదిమందే. కంతిలో మందు పెరగడం వేరు, రోగి ఆయుర్దాయం పెరగడం వేరు. శబ్దంతో మేల్కొనే ఈ మందులు ఇంకా అధికభాగం పరీక్షల దశలోనే ఉన్నాయి. 2023లో అమెరికా ప్రభుత్వం కాలేయపు కంతులకు అనుమతించిన హిస్టోట్రిప్సీ వేరు. అందులో మందు లేదు, తరంగమే కంతిని ఛిద్రం చేస్తుంది. మామూలు స్కానింగు యంత్రంతో క్యాన్సర్ నయమవుతుందని ఎవరైనా ప్రకటిస్తే నమ్మవద్దు. పరీక్షలో చేరమంటే, అది భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైనదో లేదో విచారించండి.

గృహిణులకు ఒక మనవి. రొమ్ములో గడ్డ, మూడు వారాలకూ మానని నోటిపుండు, అకారణ రక్తస్రావం కనిపిస్తే పసుపు లేపనాలతో, కషాయాలతో నెలలు గడపరాదు. వెంటనే వైద్యునికి చూపించి, అవసరమైతే బయాప్సీ చేయించాలి. కీమో జరుగుతుండగా వాడే చూర్ణమైనా లేహ్యమైనా క్యాన్సర్ వైద్యునికి ముందుగా తెలపాలి. ఆకలి, నిద్ర, బలం నిలపడంలో ఆయుర్వేదం ఆ వైద్యుని సమ్మతితో తోడు నిలవవచ్చు. ఆ చికిత్సకు అడ్డు నిలవరాదు. రేపటి ఔషధం ఎంత గొప్పదైనా, నేడు కాలం దాటనిచ్చిన రోగికి అది అక్కరకు రాదు.