ఇల్లు కట్టే చేతికి పనీ నేర్పాలి



ఎంపీ పనితీరు మాట వస్తే మన ఊళ్లలో ముందు లెక్కకొచ్చేవి రైలు హాల్టు, ఫ్లైఓవరు. ఆయన సభలో ఏం అడిగారు, ఏ బిల్లు మీద పట్టుబట్టారు అన్నది పెద్దగా ఎవరికీ పట్టదు. పట్టించుకోవాలనడానికి నెల్లూరు జిల్లా చవటపాలెంలో పుట్టిన వెంకయ్యనాయుడే ఉదాహరణ.

1989లో బాపట్లలో, 1996లో హైదరాబాద్‌లో ఓడి, లోక్‌సభకు ఎన్నడూ గెలవని నాయకుడాయన. ఎంపీగా చేసిందంతా రాజ్యసభలోనే. 2014 నుంచి 2017 దాకా కేంద్ర గృహనిర్మాణ, పట్టణ పేదరిక నిర్మూలన శాఖ ఆయన చేతిలో ఉంది. 2015 జూన్ 25న పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన మొదలైంది. 2013 నుంచి నానుతున్న రియల్ ఎస్టేట్ బిల్లు 2016 మార్చి 10న రాజ్యసభలో, 15న లోక్‌సభలో గట్టెక్కింది.

ఆ చట్టం ఫలితాన్ని టేపు పెట్టి కొలవొచ్చు. అంతకుముందు వెయ్యి అడుగుల ఫ్లాటంటే మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా కూడా అందులో కలిపేసేవారు. ఇప్పుడు బయటి గోడలు, బాల్కనీ తీసేసి లోపల వాడుకునే నేల ఎంతో బిల్డరు రాసివ్వాలి. కొన్నవాళ్లు కట్టిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసం విడిగా తెరిచిన ఖాతాలో ఉంచాలి.

పట్టణ పేదలకు పని నేర్పే జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కూడా అప్పట్లో ఆ శాఖ కిందే నడిచింది. ఇల్లూ ఉపాధీ ఒకే మంత్రి బల్ల మీదికి వచ్చాయన్నమాట. పల్లెల్లోనూ అవి అలాగే కలవాలి.

మన వైపు బేల్దారి మేస్త్రీ కింద కూలీగా చేరిన కుర్రాడు మాలు కలపడం, ఇటుకలు అందించడంతోనే ఏళ్లు గడిపేస్తాడు. తాపీ చేతికొచ్చాక కూడా రసమట్టం ఎలా చూడాలో, స్లాబుకు కమ్మీలు ఎంత ఎడంలో కట్టాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఆ లోటు మొదటి వానకే బయటపడుతుంది, స్లాబు ఉరుస్తుంది. నష్టం ఇంటివాళ్లది.

దీనికి మందు కేంద్రం దగ్గర ఉంది. గ్రామీణ ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో భాగంగా బేల్దార్లకు 45 రోజుల శిక్షణ ఇస్తారు. కడుతున్న ఇల్లే అక్కడ బడి. ఇంటికి ఇల్లూ లేస్తుంది, కుర్రాడి చేతికి సర్టిఫికెట్టూ వస్తుంది. 2024-29 మధ్య దేశంలో మరో 2 కోట్ల గ్రామీణ ఇళ్లు కట్టాలన్నది లక్ష్యం కాబట్టి, శిక్షణకు ఇంతకు మించిన అదను ఉండదు.

మన గూడూరు అసెంబ్లీ స్థానం తిరుపతి లోక్‌సభ పరిధిలోది. మన ఎంపీ మద్దిల గురుమూర్తి. గ్రామీణాభివృద్ధి శాఖ సహాయ మంత్రి గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్. అడిగేవారూ తెలుగువారే, జవాబు చెప్పాల్సినవారూ తెలుగువారే. గూడూరు, చిల్లకూరు, కోట మండలాల్లో ఎంతమంది బేల్దార్లకు ఈ శిక్షణ అందింది, వాళ్లలో ఎంతమందికి ఆ తర్వాత పని దొరికింది? వచ్చే సమావేశాల్లో ఎంపీ గారు ఈ ఒక్క ప్రశ్న వేసి, వచ్చిన జవాబును మండల కార్యాలయాల నోటీసు బోర్డుల్లో పెట్టించాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గూడూరు