సాత్వికము ఎవరియెడల?

సాత్వికులని మనము సాధారణముగా నెవరిని పిలుచుచున్నాము? ఉపాధ్యాయుడు గద్దించినప్పుడు తల వంచుకొని నిలుచు బాలుని, పెద్దలయెదుట మారుపలుకని బాలికను. అది వినయము కావచ్చును. కొన్నివేళల భయమును కావచ్చును. సాత్వికమని మాత్రము మేము చెప్పజాలము. తనకు బదులు చెప్పలేనివారితో మనుష్యు డెట్లు మాటలాడునో అక్కడనే యాగుణము తెలియునని మా యభిప్రాయము.

పౌలు ఫిలేమోనునకు వ్రాసిన పత్రికను చూడుడు. 25 వచనములు మాత్రమే గల చిన్నజాబు. ఒనేసిము ఫిలేమోనుయొక్క దాసుడు. యజమానుని విడిచివచ్చి, బంధకములలోనున్న పౌలు మూలముగా విశ్వాసియయ్యెను. ఆ దినములలో రోమా చట్టమునుబట్టి దాసుడు యజమానుని సొత్తు. అపొస్తలుడైన పౌలునకు ఆజ్ఞాపించు నధికార ముండెను. ఆయన దానిని మాని, ప్రేమనుబట్టి వేడుకొనెను. ఒనేసిము ఏమైన అచ్చియున్నయెడల తన లెక్కలో చేర్చుమనియు, తానే తీర్తుననియు స్వహస్తముతో వ్రాసెను. అయినను కోరినది స్వల్పము కాదు. దాసునివలె గాక ప్రియసహోదరునివలె వానిని చేర్చుకొమ్మనెను! సాత్వికమనగా మెత్తదనమే యని తలంచువారు ఈ పత్రికను మరల చదువవలెను.

మన దేశమునందును ఇట్టి కోరికయే యొకటి వినబడెను. దోర్నకల్లులో సువార్తసేవ చేయుచుండిన వి. ఎస్. అజరయ్యగారు 1910వ సంవత్సరమున ఎడింబరో మహాసభలో మాటలాడుచు, మిషనరీల త్యాగమును కొనియాడి, అంతటితో నిలువక, మాకు స్నేహితులు కావలెనని యడిగిరి. కొందరికి ఆ మాట రుచింపలేదు. 1912లో ఆయనయే దోర్నకల్ బిషప్పయ్యెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయు డాయనయే. ఉపకారము చేయుట వేరు, సమానునిగా నెంచుట వేరు.

ఇక మన సంగతి. వసతిగృహములో తమ తండ్రి యీడువాడైన వంటవానిని "ఏరా" యని పిలుచు విద్యార్థులు కలరు. ఆదివారమున వీరే కీర్తనలు ఇంపుగా పాడుదురు. ఈ పలుకు బడిలో నేర్చినది కాదు. తలిదండ్రులు మాపై కోపింపకుందురు గాక, ఇంటిలో విన్నదే.

ఉపాధ్యాయులమైన మేమును నిర్దోషులము కాము. ఒక వానకాలపు ఉదయమున, ఆలస్యముగా వచ్చిన బాలుని కారణ మడుగకయే తరగతి వెలుపల నిలువబెట్టితిమి. తల్లి జ్వరముతో పడియుండగా, వాడు నీళ్లు మోసి, గంజి కాచి, తమ్మునికి పెట్టి వచ్చెనని సాయంకాలమున తెలిసినది. మరునాడు తరగతి యెదుటనే వానిని క్షమాపణ వేడితిమి. వాడు మాకంటె నెక్కువ సిగ్గుపడి, "పరవాలేదండీ" యని పుస్తకము తెరచుకొనెను.