దుర్భిణికి కెమెరా అడాప్టరు: పాఠశాలకేది తగును?

విద్యార్థులు పాఠశాలకు ఫోను తేరాదను నియమము మంచిదే. దానిని సడలింపుమని కోరుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము కాదు. అయినను చదువును చెఱచునని మనము భయపడు వస్తువే, పాఠశాల అధీనములో నుండి యొక్క పనికి మాత్రమే నియమితమైనచో, చదువునకు తోడుపడగలదు. మన విజ్ఞానశాలలో స్పాటింగు స్కోపు, అనగా పక్షులను దూరమునుండి చూచుటకు వాడు ఒంటికంటి దుర్భిణి కలదు. దానికి కెమెరాను బిగించు అడాప్టరు నొకదానిని మనము సమకూర్చుకొనవలెననియు, అది వెల హెచ్చినదై యుండనక్కఱలేదు గాని మన దుర్భిణికి సరిగా నమరునదై యుండవలెననియు నా అభిప్రాయము. అందులకు కారణములను, దాని నెన్నుకొను విధమును, బిగించు క్రమమును విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును విన్నవించుచున్నాను.

అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనది హైదరాబాదు నగరము నడుమగా ప్రవహించి, మన వాడపల్లియొద్ద కృష్ణలో కలియుచున్నది. నగరపు మురుగునీరు ఆ నదిలో చేరుచున్నదని యెల్లరు నెఱుగుదురు. సంగమమున తెల్లకొంగలను, గుడ్డికొంగలను, నీటికాకులను, లకుముకిపిట్టలను చూడనివారు మనలో లేరు. కాని అవి యే నెలలో నెన్ని యుండును, పదేండ్ల క్రిందటికంటె పెరిగినవా తఱిగినవా యని యడిగినచో నిశ్చయముగా బదులు చెప్పగలవారెందఱు? నీరు మారినచో చేప మారును. చేప మారినచో పక్షి మారును. ఆ మార్పును వ్రాసియుంచినవారు లేనిచోట, నదికి మేలు జరిగినను కీడు జరిగినను సాక్ష్యముండదు. న్యాయస్థానమున సాక్షి లేని వ్యాజ్యమెట్టిదో, ఈ విషయమున మన స్థితి యట్టిదే.

పక్షిని గుఱుతించుటకు పూర్వకాలమున తుపాకియే ముఖ్యసాధనముగా నుండెను. నల్లగొండ మండలము హైదరాబాదు సంస్థానములో నుండినప్పుడు, 1931–32లో, సలీం అలీగారు ఆ సంస్థానములోని పక్షులను పరిశీలించిరి. ఆ పరిశీలనఫలితములు 1933–34లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీవారి పత్రికలో ప్రకటితమయ్యెను. పక్షిని కాల్చి దాని చర్మమును భద్రపఱచుట ఆనాటి శాస్త్రపద్ధతి. అందులకు వారిని నిందింపరాదు. దూరముననున్న పక్షిని నమ్మదగినట్లు చిత్రించు సులభసాధనము అప్పుడు లేకుండెను. ఇప్పుడది మనకు లభించినది, వాడుకొనకపోవుటయే నింద్యము.

కలివికోడి చరిత్ర ఈ సంగతిని మఱింత స్పష్టము చేయును. తెలుగుదేశపు ముండ్లపొదల నడుమ రాత్రులందు తిరుగు ఈ పక్షిని జెర్డన్ దొర 1848లో శాస్త్రలోకమునకు తెలియజేసెను. 1900లో అనంతపురము ప్రాంతమున దానిని చూచినవారు హోవర్డు కాంబెలుగారు. వారు లండను మిషనుకు చెందిన పాదిరి. అటుపిమ్మట 86 సంవత్సరముల కాలము అది యెవ్వరికిని నిశ్చయముగా కానరాలేదు. 1986లో కడప మండలమున మరల దొరకెను గాని, పట్టుబడిన ఆ పక్షి బ్రతుకలేదు. 2002లో ప్రకటితమైన యొక పరిశోధనయందు, పరిశోధకులు నేలపై మెత్తని మట్టిని పఱచి దాని యడుగుజాడలను, తమంతట తాము పనిచేయు కెమెరాలచే దాని చిత్రములను సంపాదించిరి. పక్షికి మానవహస్తము తగులలేదు; సాక్ష్యము మాత్రము నిలిచినది. ఒక మిషనరీ కన్నులబడిన పక్షి కథ మిషను పాఠశాలకు నేర్పు పాఠమిదియే.

ఇక సాధనముయొక్క సంగతి. 1999లో మలేషియా దేశస్థుడైన లారెన్సు పో అను పక్షిప్రియుడు, నికాన్ కూల్‌పిక్సు 950 అను చిన్న డిజిటలు కెమెరాను తన స్పాటింగు స్కోపు వెనుక నుంచి చిత్రములు తీసి లోకమునకు చూపెను. ఈ పద్ధతికి డిజిస్కోపింగు అను పేరు పెట్టినవాడు ఫ్రెంచి దేశస్థుడైన అలేన్ ఫోసే. ఆ కెమెరా అంతగా కుదురుటకు కారణము దాని వెల కాదు. దాని లెన్సు చిన్నది. జూము చేసినప్పుడు ముందునకు పొడుచుకొని రాక లోపలనే కదలునది. కావున దుర్భిణి ఐపీసునకు చేరువగా నిలుపుటకు వీలయ్యెను. నేడు ఫోనులోని కెమెరాకును అట్టి గుణములే యున్నవి.

ఇందలి సూత్రమును భౌతికశాస్త్రము చదువు విద్యార్థులు సులభముగా గ్రహింపగలరు. దుర్భిణిలో ప్రవేశించిన కాంతి యంతయు ఐపీసు వెనుక కొంతదూరమున సన్నని వలయముగా కూడును. మన కంటిపాప ఆ స్థానమున నున్నప్పుడే దృశ్యము నిండుగా కనబడును. కంటికి బదులు కెమెరా లెన్సు నచ్చట నిలుపుటయే అడాప్టరు పని. ముందు లెన్సు వ్యాసమును పెంపుచే భాగించినచో ఆ వలయముయొక్క వ్యాసము వచ్చును. 60 మిల్లీమీటర్ల లెన్సుగల దుర్భిణిలో 20 రెట్లు పెంచినప్పుడు వలయము 3 మిల్లీమీటర్లు. 60 రెట్లు పెంచినప్పుడు 1 మిల్లీమీటరు మాత్రమే. అనగా చిత్రమునకు చేరు వెలుగు తొమ్మిదవ వంతునకు తగ్గును. 60 రెట్లని పెట్టెమీది యక్షరములను చూచి మురియువారు ఈ లెక్కను మఱవరాదు. చిత్రములకు 20 మొదలు 30 రెట్ల వఱకు చాలును.

అంగడిలో లభించు అడాప్టరులు ముఖ్యముగా మూడు తెగలు. మొదటిది సర్వసామాన్యమైన బిగింపు. దీనికొకవైపు ఫోనును పట్టు దవడలును, మఱియొకవైపు ఐపీసును పట్టు దవడలును ఉండును. మరలు త్రిప్పి లెన్సును కేంద్రమునకు తెచ్చుకొనవలెను. వెల తక్కువ, ఏ ఫోనుకైనను పనికివచ్చును. కాని కుదుర్చుటకు ఓర్పు కావలెను. రెండవది నిర్ణీతమైన ఐపీసునకును నిర్ణీతమైన ఫోనుకును చేయబడినది. క్షణములో తొడుగవచ్చును, చెదరదు. కాని ఫోను మారిన వెంటనే దాని తొడుగును మార్చవలసియుండును. మూడవది లెన్సు తీసిన పెద్ద కెమెరాను దుర్భిణికి జోడించు గొట్టము. ఇది బరువైనది, వెల హెచ్చు. దీని విషయమున నొక హెచ్చరిక: టీ మరయనునది 42 మిల్లీమీటర్ల వ్యాసముతో, 0.75 మిల్లీమీటరు మరచుట్టు ఎడము గలది. పాత లెన్సుల మర కొన్నింటికి వ్యాసమదియే గాని ఎడము 1 మిల్లీమీటరు. కంటికి రెండును ఒక్కతీరుగా నుండును. బలవంతముగా త్రిప్పినచో రెండింటి మరలును చెడును.

పాఠశాలకు మొదటి తెగయే తగునని నా నిశ్చయము. ఫోనులు మారుచుండును, పాఠశాల ధనము మాటిమాటికి రాదు. అయితే ఆ తెగలోనే మేలును కీడును కలవు. కొనుటకు ముందు ఐపీసు వెలుపలి వ్యాసమును వెర్నియరు కాలిపర్సుతో కొలువుడు. అది లేనిచో కాగితపు పట్టీని చుట్టి, చుట్టుకొలతను 3.14చే భాగింపుడు. అడాప్టరు పట్టగల కొలతలు పెట్టెపై వ్రాయబడియుండును. మన కొలత ఆ హద్దులలో నడుమ నుండవలెను గాని అంచున నుండరాదు. దవడలకు లోపల రబ్బరు అతుకబడి యుండవలెను. ఐపీసును పట్టుచోటు గట్టిగానుండి, జూము త్రిప్పునప్పుడు కదలనిదై యుండవలెను. సాధ్యమైనచో దుర్భిణిని, ఫోనును అంగడికి కొనిపోయి అమర్చి చూచిన పిమ్మటనే వెల చెల్లింపవలెను. ఫోనుకు నేరుగా తగిలించు చిన్న దూరపు లెన్సులను దుర్భిణికి మాఱుగా కొనుట తగదు.

బిగించు క్రమమిది. ట్రైపాడును గట్టినేలపై నిలిపి, పక్షిని ముందుగా కంటితో చూచి స్పష్టపఱచుకొనుడు. ఐపీసుచుట్టునున్న రబ్బరు కప్పును పూర్తిగా దించుడు. ఫోను వెనుక రెండు మూడు లెన్సులున్నచో ముఖ్యమైన లెన్సు నొకదానినే యెన్నుకొని, దానిని ఐపీసు నడుమకు తెండు. తెరపై నల్లని యంచుతో గుండ్రని వెలుగు కనబడును. ఆ గుండ్రము ఒకప్రక్క కొఱతబడినచో లెన్సు కేంద్రమున లేదు. చుట్టును నీడలు కదలాడుచున్నచో దూరము సరిపోలేదు. రెండును కుదిరిన పిమ్మట మరలను బిగించి, ఫోనులో కొంచెము జూము చేసినచో నల్లని యంచు పోవును. మఱీ యెక్కువ జూము చేయుటచే ఫోను తనంతట వేఱొక లెన్సునకు మారి తెర చీకటి కావచ్చును. వెనుక బరువు పెరిగినది కావున దుర్భిణిని ట్రైపాడుపై కొంచెము ముందునకు జరిపి తూకము సరిచేయుడు. తుదిస్పష్టతను దుర్భిణి చక్రముతోనే సవరింపుడు. వ్రేలితో తాకిన వెంటనే చిత్రము తీయక, రెండు సెకనుల ఆలస్యము పెట్టుడు. సూర్యునివైపు దుర్భిణిని త్రిప్పరాదు. కన్నునకును కెమెరాకును హాని. మధ్యాహ్నమున ఇసుకమీదను నీటిమీదను లేచు ఎండసెగకు ఏ అడాప్టరును మందు కాదు, ఉదయమే పోవలెను.

ఫోనుయని వినగానే తల్లిదండ్రులు శంకించుట సహజము. దానికి సమాధానము కఠినమైన నియమములలోనే యున్నది. సిమ్ము లేని పాతఫోను నొకదానిని పాఠశాల తనదిగా నుంచుకొనవలెను. పనికాగానే అది విజ్ఞానశాల బీరువాలో చేరవలెను. తాళపుచెవి ఉపాధ్యాయునియొద్ద నుండవలెను. విద్యార్థులు తమ ఫోనులను తేరాదు. ఇట్లు చేసినచో నియమమునకు భంగములేదు, చదువునకు లాభము కలదు. ఒక వస్తువును దాస్యము చేయక వాడుకొనుట యెట్లో పిల్లలు మన కన్నులయెదుట నేర్చుకొందురు; తలుపు మూసిన గదిలో నేర్చుకొనుటకంటె నది మేలు.

ఇంకొక ఆక్షేపము దీనికంటె గట్టిది. చిత్రము తీయు తొందరలో చూచుట మఱతురని కొందఱు పెద్దలు చెప్పుదురు. అది నిజము. ఆకాశపక్షులను చూడుమని కొండమీది ప్రసంగమున మన ప్రభువు చెప్పెను; ఆ చూచుట తీరికగా మనస్సు పెట్టి చూచుట. కావున అడాప్టరు సులభముగా విప్పదగినదై యుండవలెనని కోరుచున్నాను. ప్రతి విద్యార్థియు ముందుగా ఐపీసులో తన కంటితో చూచి, పక్షి ముక్కు రంగు, కాళ్ళ రంగు, నడక, మేత తన పుస్తకములో వ్రాయవలెను. తరువాతనే చిత్రము. చిన్న తెల్లకొంగకు ముక్కును కాళ్ళును నలుపు, వ్రేళ్ళు పసుపు. పశువుల వెంట తిరుగు తెల్లకొంగకు ముక్కు పసుపు. ఒకడు నలుపని, ఒకడు పసుపని వాదించినప్పుడు చిత్రము తీర్పు చెప్పును. కంటికి చిత్రము సాక్షియే గాని యజమాని కాదు.

దూరమునుండి చూచుటవలన మఱియొక మేలు కలదు. తీతువుపిట్ట వేసవిలో గూడు కట్టకయే రాళ్ళ నడుమ నేలపై గ్రుడ్లు పెట్టును. ఫోనును చేతబట్టి దగ్గఱకు పరుగెత్తు బాలుడు తెలియకయే వాటిని త్రొక్కగలడు. తల్లి లేచిపోయినచో గ్రుడ్లు ఎండకు మాడును. దుర్భిణిగల బాలునికి దగ్గఱకు పోవలసిన యవసరమే లేదు. నదిలోతునకు దిగవలసిన యపాయమును లేదు. ఒడ్డున నిలిచియే పని ముగించును.

తీసిన ప్రతి చిత్రమునకు తేది, వేళ, స్థలము, పక్షుల సంఖ్య ఒక చిట్టాలో నెక్కవలెను. ఆసియా నీటిపక్షుల గణనము 1987 మొదలు ప్రతి సంవత్సరము జనవరి మాసమున జరుగుచున్నది. అందు మన పాఠశాలయు పాల్గొనవచ్చును. ఈబర్డ్ అను లోకసామాన్యమైన పట్టికలో ఉపాధ్యాయుని పేర చిత్రములతో లెక్కలను చేర్పవచ్చును. సందేహములు కలిగినప్పుడు, 1980లో బర్డ్ వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ అను పేర స్థాపితమై ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ అనబడు హైదరాబాదు సంఘమువారి నడుగవచ్చును. గూళ్ళున్న చోటులను మాత్రము ఎవ్వరికిని ప్రకటింపరాదు.

కావున యాజమాన్యమువారికి నా మనవి యిది. వచ్చు శీతకాలమునకు పూర్వమే ఒక సామాన్యమైన అడాప్టరును, పాతఫోను నొకదానిని, గట్టి అట్టగల చిట్టాపుస్తకము నొకదానిని సమకూర్పుడు. మూడింటిలో ముఖ్యమైనది చిట్టాయే. నేడు ఆఱవ తరగతిలోనున్న బాలుడు పదవ తరగతి దాటునాటికి ఆ పుస్తకములో ఐదేండ్ల లెక్క చేరియుండును. మూసీనీటిని శుభ్రపఱచుటకు ప్రభుత్వములు చేయు ప్రయత్నములు ఫలించినవో లేదో వాడపల్లి సంగమమున నడుగవచ్చినవారికి, మన బాలబాలికలు ఊహ చెప్పక, తేదీలతోను చిత్రములతోను బదులు చెప్పగలరు.